సురానిషేధము, సురాధ్యక్షము: మత్తుపదార్థములను గూర్చిన రెండు శాసనదృష్టులు

మత్తు గొలుపు పదార్థముల విషయమున రాజ్యము చేయదగిన పని యేమి అను ప్రశ్న క్రొత్తది కాదు. మన పూర్వవాఙ్మయము దానికి రెండు సమాధానముల నొసగినది. ఒకటి భారతమున మౌసలపర్వమందు ద్వారకానగరమున చాటింపబడిన సురానిషేధము. రెండవది కౌటిల్యుని అర్థశాస్త్రమున ద్వితీయాధికరణమందలి సురాధ్యక్షప్రకరణము. మొదటి శాసనము వస్తువును లేకుండ చేయ జూచినది. రెండవది వస్తువును కంటి యెదుట నుంచి, దానికి చోటును, కొలతను, వేళను నిర్ణయింప జూచినది. ఈ రెండింటిని పోల్చి, రెండవదియే మేలైన మార్గమనియు, నేడు గంజాయి మొదలగువాని విషయమున మనము పాటించుచున్న సంపూర్ణనిషేధమును విడిచి చట్టబద్ధమైన నియంత్రణమునకు మరలుట యుక్తమనియు నిరూపించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

కావ్యము శాసనగ్రంథము కాదు. కవి చెప్పినది చట్టముగా చేయవలెనని ఎవ్వరును వాదింపరు. అయినను ఒక శాసనము మనుష్యుల నడుమ ప్రవేశించినపుడు వారి నడవడి ఎట్లు మారునో, ఏది మాటుపడునో, ఏది బయటపడునో కవి చూపగలడు. లెక్కల పట్టికలు చూపలేని ఈ అంశమునకు సాహిత్యము సాక్ష్యము. కావుననే ఈ విషయము న్యాయశాస్త్రజ్ఞులకు మాత్రమే వదలిపెట్టదగినది కాదని తలచుచున్నాను.

1. పదవిచారము

ముందుగా మన భాష ఈ వస్తువులను ఎట్లు పేర్కొన్నదో చూడవలెను. తెలుగున 'మందు' అను పదమునకు గల అర్థవిస్తారము గమనింపదగినది. వైద్యుడిచ్చునది మందు. దుకాణమున త్రాగునది మందు. తుపాకిలో కూరునది మందు. వశీకరణమునకై అన్నములో కలుపునదియు మందే; 'మందు పెట్టినారు' అను మాట పల్లెలలో నేటికిని వినబడును. అహిఫేనమునకు తెలుగువారు పెట్టిన పేరు నల్లమందు. ఔషధమును, మద్యమును, విషమును ఒక్కమాటతో పిలిచిన ఈ భాషావ్యవహారము అజ్ఞానమువలన పుట్టినది కాదు. వస్తువు ఒక్కటియే, దాని గుణము వాడుకను బట్టి మారునను అనుభవము ఆ మాటలో ఇమిడియున్నది. అందుచేతనే ఆ పదముచుట్టు మోతాదు, పథ్యము, అనుపానము అను మాటలు అల్లుకొన్నవి. మంచిచెడ్డల నిర్ణయము 'మందు' అను పదములో లేదు. 'మోతాదు' అను పదములో ఉన్నది.

వైద్యశాస్త్రపు దృష్టియు ఇట్టిదే. అహిఫేనమును, ధత్తూరమును ఆయుర్వేదము ఉపవిషములలో చేర్చినది. విషములని చెప్పి వానిని పారవేయలేదు, శోధనవిధి నేర్పినది. ఏ ద్రవ్యముతో ఎట్లు శుద్ధిచేయవలెనో, ఎంత ఇయ్యవలెనో, ఎవరికి ఇయ్యరాదో చెప్పినది. అపాయకరమైన వస్తువునకు నియమము ఎక్కువ కావలెను గాని తక్కువ కారాదు అనునది ఆ శాస్త్రపు సూత్రము.

ఇక 'గంజాయివనములో తులసిమొక్క' అను సామెత. ఇందు గంజాయికి నిందయే గాని మెప్పు లేదు. దుస్సాంగత్యమునకు అది గుర్తు. కాని వనమని చెప్పబడుటలో మరియొక విశేషమున్నది. ఆ సామెతను పుట్టించిన లోకమునకు గంజాయితోట కనబడుచుండెను. అది చెడ్డదని ఎరిగియే జనులు దానిని చూచుచుండిరి. నిందించుట వేరు, కనబడకుండ చేయుట వేరు. ఈ భేదమే ఈ వ్యాసమునకు ప్రాణము.

2. ద్వారకలోని చాటింపు

భారతమున మద్యమును గూర్చిన మొదటి ప్రసిద్ధశాసనము ఆదిపర్వమున శుక్రాచార్యుడు చేసినది. దానవులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రునిచే త్రాగించిరి. తన శిష్యుని తానే కడుపున నించుకొన్న గురువు మేల్కాంచి, బ్రాహ్మణుడు ఇకమీద సుర త్రాగినచో బ్రహ్మహత్యతో సమానమైన పాపము పొందునని మర్యాద నెలకొలిపెను. ఆ కథను నన్నయ తెలుగు చేసినాడు. అది దండము లేని శాసనము. దానిని నిలుపునది పాపభీతి, ఆత్మగౌరవము, రాజభటుడు కాడు. అంతేకాక, శాసనకర్త తానే మద్యమునకు లోబడినవాడు. తన తప్పును ఎరిగి తనవారికి చెప్పినవాడు. అట్టి ఉపదేశమునకు నియంత్రణవాది విరోధి కానక్కరలేదు. మానుమని చెప్పుట గురువునకు ఎల్లప్పుడు తగును.

ద్వారకలోని శాసనము దీనికి భిన్నమైనది. సాంబుని కడుపున పుట్టిన ముసలమును పొడిచేయించి సముద్రమున కలిపించిన పిమ్మట, ఆహుకుడు, కృష్ణుడు, బలరాముడు, బభ్రువు అను నలువురి మాటగా నగరమున చాటింపు జరిగినది. నాటినుండి వృష్ణ్యంధకుల ఇండ్లలో ఎవ్వరును సురాసవములు చేయరాదు. రహస్యముగా చేసినవాడు బంధువులతో కూడ బ్రతికియుండగనే శూలమెక్కవలెను. జనులు రాజభయముచేత ఆ నియమమును పాటించిరని వ్యాసుడు చెప్పినాడు. ఈ పర్వమును తెలుగు చేసినవాడు తిక్కన. ఇచటి సూక్ష్మవిశేషములకు మాత్రము వ్యాసుని మూలమునే ఆధారముగా గొనుచున్నాను.

పిమ్మట జరిగినది పాఠకులెరిగినదే. అపశకునములు తోచగా యాదవులు ప్రభాసతీర్థమునకు బయలుదేరిరి. ప్రయాణమునకై భక్ష్యభోజ్యములతో పాటు మద్యమును కూడ సమృద్ధిగా చేసికొనిరి. ఇక్కడ మూలమునందలి ఒక మాట గమనింపవలెను. నిషేధమున ఏ కృధాతువుతో సుర 'చేయరాదు' అని చెప్పబడినదో, ప్రయాణసన్నాహమున ఆ ధాతువుతోనే మద్యము 'చేసిరి' అని చెప్పబడినది. నడుమ శాసనము తొలగింపబడినట్లు ఎక్కడను లేదు, శూలమెక్కినవాడును లేడు. శాసనము తొలగక, అమలు కాక, మాటగా మిగిలిపోయినది.

ఇంతకంటెను తీవ్రమైనది మరియొకటి. ప్రభాసమున కృష్ణుని యెదుటనే పానమునకు కూర్చుండినవారి పేళ్లను వ్యాసుడు వరుసగా చెప్పినాడు: బలరాముడు, కృతవర్మ, సాత్యకి, గదుడు, బభ్రువు. చాటింపులో పేరున్న నలువురిలో ఇద్దరు, బలరాముడును బభ్రువును, ఈ పట్టికలోను ఉన్నారు. ఇది యాదృచ్ఛికమని తలచుట కష్టము. బ్రాహ్మణులకై వండిన అన్నమును మద్యముతో కలిపి కోతులకు పెట్టిరని చెప్పుటచే కవి మర్యాద ఎంతవరకు తప్పినదో సూచించినాడు. పిదప సాత్యకి కృతవర్మను నిద్రితులను చంపినవాడని ఎగతాళి చేయుట, కృతవర్మ భూరిశ్రవుని వధను ఎత్తిపొడుచుట, ఖడ్గము లేచుట, ఏరకతుంగ ముసలములై కులము నశించుట.

దీనికి రెండు ప్రత్యాఖ్యానములు రావచ్చును. యాదవనాశమునకు కారణము ఋషిశాపము, గాంధారీశాపము గాని నిషేధము కాదు గదా అనునది మొదటిది. నిజమే. నిషేధము నాశమును తెచ్చినదని నేననుటలేదు. నాశమును ఆపలేకపోయినదని మాత్రమే అనుచున్నాను. శాపగ్రస్తమైన కులమునందు కలహము పూర్వమే నిండియుండెను. కురుక్షేత్రమున చేసిన అకృత్యములు ముప్పదియారేండ్లు మనస్సులలో మూలుగుచుండెను. శాసనము పాత్రను నిషేధించినది. పాత్ర పట్టిన చేతిలోని పగను ముట్టలేదు.

నిషేధమును గట్టిగా అమలు జరిపియుండినచో వారు బ్రతికెడివారు కారా అనునది రెండవది. నిషేధవాదుల ముఖ్యవాదము నేటికిని ఇదియే. కాని అమలు జరుపవలసినవారు ఎవరు? చాటించినవారే గదా. వారే పానగోష్ఠిలో నున్నపుడు శూలము ఎవరికి నాటవలెను? బంధువులతో కూడ శూలమెక్కించు దండము ఎంత కఠినమైనదో అంత అసాధ్యమైనది. ఏలయన నగరమంతయు ఒకరికొకరు బంధువులే. అమలునకు మించిన దండము శాసనమును బలపరుపదు; దానిని పలుకుబడి లేని మాటగా చేయును.

పురాణములు ఈ కథకు చేర్చిన ఒక అంశము ఇచట స్మరింపదగినది. పొడియై సముద్రమున కలిసిన ముసలము అలలచే ఒడ్డునకు కొట్టుకొనివచ్చి ఏరకతుంగగా మొలచినదట. అరగక మిగిలిన ఇనుపముక్కను చేప మ్రింగగా, అది వేటకాని బాణాగ్రమై కృష్ణుని పాదమునే తాకినదట. ఒక్కచోట కనబడుచుండిన ఆయుధమును కనబడకుండ పొడిచేసినందున అది అందరి చేతికందు గడ్డియైనది. వస్తువును నశింపజేసితిమని నమ్మిన శాసనమునకు ఇంతకంటె తగిన వ్యాఖ్యానము లేదు.

3. కౌటిల్యుని పానాగారము

అర్థశాస్త్రపు వ్రాతప్రతి 1905లో శామశాస్త్రిగారికి లభించి, 1909లో మైసూరునందు ముద్రితమైనది. అందు సురాధ్యక్షుడను అధికారికి ఒక ప్రకరణము కేటాయింపబడినది. దుర్గములలో, జనపదములలో, స్కంధావారములలో సురవ్యాపారమును ఆ వృత్తి తెలిసినవారిచే నడిపింపవలెను. వేరొకచోట చేసినను, కొన్నను, అమ్మినను ఆరువందల పణముల దండము. దుకాణములు ఒకదానికొకటి చేరువగా నుండరాదు. సుర గ్రామమునుండి బయటికి పోరాదు. ఎందులకనగా, పనివారు పనులలో ప్రమాదపడుదురనియు, ఆర్యులు మర్యాద దాటుదురనియు, తీక్ష్ణులు దుడుకునకు లోనగుదురనియు భయము. నడవడి తెలిసినవారికి కుడుబమునందు నాలవవంతు మొదలు ప్రస్థమువరకు కొలిచి ఇంటికి ఇయ్యవచ్చును. ఇతరులు పానాగారముననే త్రాగవలెను. ఆ పానాగారమున వేరువేరు గదులు, పడకలు, ఆసనములు, గంధమాల్యములు, నీరు ఉండవలెను. మత్తులోనున్న వాని సొమ్ము పోయినచో వర్తకుడే ఇచ్చుకొనవలెను, దండమును చెల్లింపవలెను. గృహస్థులు శుభకార్యములందు శ్వేతసురను, ఔషధార్థమై అరిష్టమును చేసికొనవచ్చును. ఉత్సవములకును, యాత్రలకును నాలుగుదినముల అనుమతి కలదు.

ఈ విధులలో ప్రతి నియమమునకు ఒక అపాయము ఎదురుగా నిలుపబడినది. కల్తీ, అతిపానము, దొంగతనము, కలహము, పనిచెడుట అను వేరువేరు కీడులకు వేరువేరు కట్టుబాట్లున్నవి. 'మత్తు' అను ఒక్క మాటతో అన్నింటిని ముడివేయలేదు. యాత్రకు ప్రత్యేకముగ నాలుగుదినములు ఇచ్చుట చూడుడు. ద్వారకాశాసనము ఇంటిని నిషేధించి యాత్రను మరచినది. కౌటిల్యుడు యాత్రలో మనుష్యుడు త్రాగునని ముందే ఎరిగి దానికి హద్దు గీచినాడు. త్రాగినవాని సొమ్మునకు అమ్మినవానిని బాధ్యుని చేయుట మరింత లోతైన ఆలోచన. నిషిద్ధవ్యాపారమున అమ్మువానికి అట్టి బాధ్యత నుండుటకు వీలులేదు. న్యాయస్థానమునకు పోలేని కొనుగోలుదారుడు అమ్మువాని దయకు విడువబడినవాడు.

ఈ పద్ధతిలో దోషములు లేవని చెప్పరాదు. పానాగారమున గూఢచారులను నిలిపి, ఎక్కువ ఖర్చుపెట్టువారిని కనిపెట్టుమని కౌటిల్యుడు చెప్పినాడు. చెడిపోయిన సురను దాసులకును పనివారికిని కూలిగా ఇయ్యవచ్చుననినాడు. ఖజానా అతని దృష్టిలో ఎల్లప్పుడు ఉన్నది. నియంత్రణము వేరు, విక్రయలోభము వేరు. రెండింటిని కలిపిన రాజ్యము నిషేధించు రాజ్యముకంటె మేలైనది కాజాలదు. ఈ హెచ్చరిక మన దేశానుభవమును పరిశీలించునపుడు మరల అవసరమగును.

4. కన్యాశుల్కమందలి దుకాణము

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో మిక్కిలి పెరిగిన రూపమున మరల వెలువడినది. ఈ రెండవకూర్పులోని సారాదుకాణపు రంగము ప్రసిద్ధము. బైరాగి, హవల్దారు మొదలగువారు అచట కూడి త్రాగుచు, పాడుచు, వేదాంతము మాటలాడుదురు. నాటిది ఆబ్కారీ లైసెన్సుగల దుకాణముల కాలము. దుకాణము తెరచియుండినందుననే కవికి ఆ లోకము కనబడినది. సన్న్యాసి వేషమును, అధికారపు బిగువును, త్రాగుబోతు తత్త్వమును ఒక్క గదిలో చేర్చి నవ్వించుటకు వీలైనది. నవ్వు ఒక సంస్కరణసాధనము. చాటుననున్నదానిని చూచి నవ్వుట సాధ్యము కాదు. భయపడుట మాత్రమే సాధ్యము.

ఆ నాటకముననే దీనికి పోలికైన మరియొక ఘట్టమున్నది. సౌజన్యారావు పంతులు సజ్జనుడు, వేశ్యాసాంగత్యమునకు బద్ధవిరోధి. అందుచే అతనికి సహాయము చేయవచ్చిన మధురవాణి పురుషవేషమున రావలసివచ్చెను. వెలివేసినదానిని చూడనని వ్రతముపట్టిన మంచివానియొద్దకు సత్యము సైతము మారువేషమునగాని రాజాలదు. అప్పారావుగారు సౌజన్యారావును హేళన చేయలేదు. అతని మంచితనము నిజమైనది. ఆ మంచితనమునకు గల కంటిమరుగును మాత్రము చూపినారు. నిషేధవాదులలో పెక్కురు సౌజన్యారావువంటివారే. వారి సదుద్దేశమును శంకింప నవసరములేదు. వారి విధానము దేనిని కనబడకుండ చేయునో అడుగవలెను.

5. ఆంధ్రదేశపు అనుభవము

మద్రాసు రాష్ట్రమున రాజాజీ ప్రభుత్వము 1937 అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించినది. 1938లో అది చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపించి, 1948 నాటికి రాష్ట్రమంతటను నెలకొన్నది. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు ఆ శాసనము వారసత్వముగ వచ్చినది. దాని అమలును పరిశీలించుటకు ఎస్. వి. రామమూర్తిగారి ఆధ్వర్యమున నియమింపబడిన సంఘము నిషేధము విఫలమైనదని తేల్చి, దానిని ఎత్తివేయుమని సిఫారసు చేసినది. ఈ వివాదముననే 1954 నవంబరులో ప్రకాశముగారి మంత్రివర్గము అవిశ్వాసతీర్మానమున ఒక్క ఓటుతో ఓడిపోయినది. 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడినపుడు ఆంధ్రప్రాంతమున నిషేధమును, తెలంగాణమున ఆబ్కారీ పద్ధతియు ఒక్క రాష్ట్రముననే ప్రక్కప్రక్కన నుండెను. ఒక్కభాష మాటలాడు జనులలో కృష్ణకు ఆవల నేరమైనది ఈవల వృత్తియై యుండెను.

నిషేధమునకు పక్షముగా చెప్పదగిన మిక్కిలి బలమైన సాక్ష్యము దీనికి తరువాతిది. 1990వ దశకారంభమున నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా తరగతులలో చదువుకొన్న స్త్రీలు, తమ వాచకములలోని పాఠములను చర్చించుచు, సారాపై తిరుగబడిరి. 1992లో దూబగుంటనుండి లేచిన ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించినది. 1993 అక్టోబరులో సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో సంపూర్ణమద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలింపబడినది. ఒక వాచకపాఠము శాసనమును మార్చుట సాహిత్యవిద్యార్థులు గర్వింపదగిన విషయము. ఆ స్త్రీల పోరాటమును తక్కువచేసి మాటలాడు వాదము ఏదియు నిలువదు.

అయితే వారు ఎవరిమీద తిరుగబడిరో విచారింపవలెను. వారెదుట నుండినది నియంత్రించు రాజ్యము కాదు; అమ్మించు రాజ్యము. 1980వ దశకమున 'వారుణి వాహిని' అను పేరుతో సారాను పొట్లములలో నింపి పల్లెపల్లెకు చేర్చు పద్ధతి ప్రభుత్వముచే నడుపబడినది. వేలముపాటలో హెచ్చు పాడిన గుత్తేదారు ఆ సొమ్మును రాబట్టుటకు కూలివాని గడపవరకు సారాను తెచ్చెను. కౌటిల్యుడు గ్రామమును దాటరాదన్న సుర గుడిసెలోనికి వచ్చినది. దుకాణముల సంఖ్య తగ్గించుట, వేలమును రద్దుచేయుట, ప్రచారమును ఆపుట, రాబడిని ఖజానాకు ప్రాణాధారము కాకుండ చేయుట, ఊరి స్త్రీల సమ్మతి లేనిదే దుకాణము పెట్టకుండుట: ఇవి అన్నియు నియంత్రణపు లక్షణములే. దూబగుంట స్త్రీల ఆగ్రహములోని సత్యము నియంత్రణమును కోరుచున్నదని నా యభిప్రాయము. వారు కోరిన నిషేధము ఇరువదియేడు నెలలలోపే సడలుటకు కారణము ఖజానా అవసరము, కల్లబేరము. ఈ రెండింటిని నిషేధము ముట్టలేదు.

6. ఒక మొక్క, మూడు గతులు

మద్యమును గూర్చి చెప్పినదెల్ల గంజాయికి మరింత వర్తించును. 1893లో బ్రిటిషు ప్రభుత్వము ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషనును నియమించినది. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. ఏడుగురు సభ్యులలో ముగ్గురు భారతీయులు. 1193 మంది సాక్షులను విచారించి 1894లో నివేదిక సమర్పించినారు. మితముగా వాడినచో హాని స్వల్పమనియు, అతివాడుక హానికరమనియు, సంపూర్ణనిషేధము అవసరమును కాదు, యుక్తమును కాదనియు వారి నిర్ణయము. గంజాయిని ఆపినచో జనులు ఇంతకంటె ప్రమాదకరమైన మత్తులకు మరలుదురను భయమును వారు పరిశీలించిరి. తగిన పన్ను, సాగునకు లైసెన్సు, దుకాణముల పరిమితి, దగ్గరనుంచుకొనదగిన పరిమాణమునకు హద్దు అను మార్గములను సూచించిరి. వారు కౌటిల్యుని చదివినవారు కారు. అర్థశాస్త్రము అప్పటికి అచ్చు కాలేదు. విషయమును నిదానించి చూచినవారు వేరువేరు కాలములలో ఒక్కచోటికే చేరుట గమనింపదగినది.

ఆ సందర్భముననే గ్రియర్సను పండితుడు సంస్కృత, హిందీ వాఙ్మయములలో ఈ మొక్కను గూర్చిన ప్రస్తావనలను సంకలనము చేసినాడు. శాసనవిచారణకు సాహిత్యచరిత్ర సాక్షిగా నిలిచిన సందర్భమది.

స్వతంత్రభారతమున 1961నాటి అంతర్జాతీయ ఒడంబడికకు అనుగుణముగ 1985లో మాదకద్రవ్యముల చట్టము వచ్చినది. దాని నిర్వచనములను భాషావిద్యార్థులు చదువదగును. పూతతో గాని కాయతో గాని కూడిన కొనలు గంజాయి, బంక చరసు, కొనలతో చేరని ఆకు ఈ నిర్వచనమునకు బయట నున్నది. అందుచే ఆకుతో చేసిన భంగు కొన్ని రాష్ట్రములలో లైసెన్సు దుకాణమున అమ్ముడుపోవుచున్నది. అదే మొక్క కొన ఇరువది కిలోలు మించినచో కనీసము పదేండ్ల కారాగారము. ఈ చట్టమే నల్లమందుచెట్టును మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సుపై సాగుచేయించి, నీమచ్, ఘాజీపూర్ కర్మాగారములకు ఔషధార్థమై చేర్చుచున్నది. అనగా మన శాసనకర్తలకు సురాధ్యక్షపద్ధతి తెలియనిది కాదు. గంజాయికంటె ప్రమాదకరమైన నల్లమందునకు దానిని పాటించి, గంజాయికి ద్వారకాపద్ధతిని పాటించుచున్నారు. 1989లో ఈ చట్టమున కొన్ని పునరపరాధములకు తప్పనిసరి మరణదండన చేర్చి, బొంబాయి హైకోర్టు 2011 తీర్పు పిమ్మట 2014లో దానిని ఐచ్ఛికము చేయుట శూలము కథను జ్ఞప్తికి తెచ్చును.

దీని ఫలము విశాఖమన్యమున కనబడుచున్నది. 2021, 2022 సంవత్సరములలో అచట వేలకొలది ఎకరముల గంజాయితోటలు నరకబడినవి. 2022 ఫిబ్రవరిలో రెండులక్షల కిలోల గంజాయి ఒక్కచోట తగులబెట్టబడినది. తోట పోయినను బేరము పోలేదు. కొండలు దాటి ఒడిశాసరిహద్దునకు జరిగినది. పట్టుబడువాడు తరచుగా మూట మోసిన గిరిజనుడు. పెట్టుబడి పెట్టినవాడు దూరనగరమున నుండును. ఈ చట్టమున బెయిలు దొరకుట దుర్లభము గావున విచారణకు ముందే సంవత్సరములు గడచును. అల్లూరి సీతారామరాజు తిరుగబడినదియు అడవిపై జనులకుగల అలవాటును నేరముగా చేసిన శాసనముపైననే అను సంగతి, ఆయన పేర 2022లో ఏర్పడిన జిల్లాలో మరువదగినది కాదు.

7. ఆక్షేపములు, ఉపసంహారము

అనుమతించినచో వాడుక పెరుగదా? కొంత పెరుగవచ్చును. ఈ అపాయమును దాచుట తగదు. అందుకే అనుమతితోపాటు వయోనియమము, ప్రచారనిషేధము, కొలత, వైద్యసహాయము ఉండవలెను. యురుగ్వే 2013లోను, కెనడా 2018లోను గంజాయిని చట్టబద్ధము చేసినపుడు ఈ నియమములతోనే చేసినవి. అన్ని మత్తులకు ఒక్క దుకాణము తగదు. హెరాయినువంటివానికి స్విట్జర్లాండు 1994నుండి అనుసరించుచున్న వైద్యపర్యవేక్షణమార్గము తగును. అపాయము హెచ్చినకొలది నియమము హెచ్చవలెనను శోధనసూత్రమిది.

నిషేధమున్నచోట ప్రజలు క్షేమముగ నున్నారా? గుజరాతులో 2022 జూలైలోను, 2016నుండి నిషేధము పాటించుచున్న బీహారులో 2022 డిసెంబరులోను కల్తీసారాచే పదులకొలది జనులు మరణించిరి. నిషేధములేని తమిళనాడులోని కళ్లకురిచిలో 2024 జూనునందు అరువదిమందికి పైగా మరణించుట కూడ సత్యమే. ప్రభుత్వదుకాణములున్నంతనే నియంత్రణము ఏర్పడదనియు, పేదవాని ధరకు అందని సరకు వానిని కల్తీసరకు చెంతకు త్రోయుననియు ఇది బోధించును. ఇది నియంత్రణమును మెరుగుపరుపవలెననుటకు హేతువు గాని, కొలతగాని పరీక్షగాని లేని చాటుబేరమునకు సరకు నంతయు అప్పగించుటకు హేతువు కాదు.

సాహిత్యమునుండి మనము గ్రహింపగల సారమిది. శుక్రుడు తనవారికి బుద్ధి చెప్పినాడు. అది ఉపదేశము, ఆవశ్యకము. ద్వారకాధిపతులు శూలమును చూపి కన్ను మూసికొనిరి. కౌటిల్యుడు లోభము కలవాడైనను కన్ను తెరచి కొలత పట్టినాడు. గురజాడ తెరచియున్న దుకాణములో మనుష్యులను చూచి నవ్వినాడు. చూపు ఉన్నచోటనే దయకును, దండమునకును, చికిత్సకును తావున్నది.

పరిశోధకవిద్యార్థులకు ఇందొక కర్తవ్యము కూడ నున్నది. గ్రియర్సను సంస్కృత, హిందీ వాఙ్మయములకు చేసిన పనిని తెలుగునకు చేయవలసియున్నది. కల్లు, సారా, నల్లమందు, గంజాయి, భంగు అను పదములు శాసనములందు, వైద్యగ్రంథములందు, ప్రబంధములందు, యక్షగానములందు, సామెతలందు ఎచటెచట ఏయే భావముతో వచ్చినవో కాలక్రమమున కూర్చవలెను. ఏది ఎప్పుడు నిందయైనది, ఏది ఎప్పుడు నేరమైనది అను చరిత్ర అందుండి తేలును. నింద సంఘము చేయునది, నేరము రాజ్యము చేయునది. ఈ రెంటిని వేరుచేసి చూపుట శాసనకర్తలకు భాషాసాహిత్యములు చేయగల సేవ.